నల్లరాళ్ల దిగుడులో ఇంజన్ బంద్

నారాయణఖేడ్ నుంచి నాగల్‌గిద్దకు పోయే తోవలో నల్లరాళ్ల దిగుడు అనే పల్లపు రోడ్డు ఉంది. చీకటి పడ్డాక అటువైపు నడిచిపోయేవాళ్లు లేరు. మోటారు సైకిల్ ఉన్నవాళ్లు కూడా ఇద్దరు ముగ్గురు కలిస్తేనే బయల్దేరతారు.

అక్కడ ఏదో దిగుతుందట. చప్పుడు ఉండదు... వెలుతురు ఉండదు... ముందు ఒక గాలి కొడుతుంది. ఆ వెనకే రోడ్డంత నల్లటిది జారుకుంటూ పోతుంది. చూసినవాళ్లకు మూడు రోజులు జ్వరం. మొన్న చలికాలంలో ఈరయ్య అనే రైతును అది పొట్టన పెట్టుకుందని అక్కడి చిన్నపిల్లలు కూడా చెబుతారు. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. నేను విన్నది విన్నట్టు చెబుతున్నాను.

లారీ డ్రైవర్ శివరాజ్ కూడా ఆ మాట విన్నాడు. కానీ ఆ దిగుడులో అతని బాధ వేరు. అతన్ని అక్కడ ఒక ఆడగొంతు పిలుస్తోంది.

శివరాజ్‌ది పద్నాలుగు చక్రాల బండి. ఖేడ్‌లో కంది బస్తాలు ఎత్తుకుని పూణె దాకా పోతాడు. బండి ఓనర్ జగదీశ్వర్‌కు కావలసింది ఒక్కటే, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందని. నెలాఖరుకు ఎవరి మైలేజీ తక్కువైతే వాడి దగ్గర బండి తాళం లాక్కుంటాడు, మారుమాట ఉండదు. దుర్గేశ్ అనే డ్రైవర్ తాళం అట్లాగే పోయింది. ఇప్పుడు అతను కంగ్టిలో పత్తి ఏరే కూలీలను ఆటోలో తిప్పుతున్నాడు.

శివరాజ్‌కు మాత్రం ఏడాదిగా లీటరుకు మూడున్నర తగ్గలేదు. మిగతావాళ్లకు మూడు దాటితే పండగ.

ఎట్లా తీస్తున్నావని తోటివాళ్లు అడిగితే, టైర్లలో గాలి చూసుకుంటాననీ, యాక్సిలరేటర్‌ను పసిపిల్ల వీపు తట్టినట్టు తొక్కుతాననీ చెప్పేవాడు. అవీ అబద్ధాలు కావు. కానీ అసలు సంగతి దాచేవాడు. దిగుడు దొరికిన ప్రతిచోటా తాళం వెనక్కి తిప్పేస్తాడు. ఇంజన్ ఆగిపోతుంది, దాంతోపాటే పెద్ద లైట్లూ ఆరిపోతాయి. చుక్క డీజిల్ కాలకుండా బండి తన బరువుకు తానే జారిపోతుంది. అన్నిటికన్నా పొడుగు దిగుడు నల్లరాళ్లదే, నాలుగు కిలోమీటర్లు.

తప్పని తెలియక కాదు. ఇంజన్ లేకపోతే బ్రేకులకు గాలి నిండదు, స్టీరింగ్ మొండికేస్తుంది. అయినా ఆ తోవ తనకు కళ్లు మూసుకున్నా తెలుసని ధీమా. వెధవ ధీమా, ఇంకేం అనాలి!

ఈ నెలలో మూడుసార్లు వినబడింది ఆ గొంతు. దిగుడు సగంలో, కల్వర్టు దగ్గర...

"ఆగూ... ఆగూ..."

ఇంజన్ నడిచినప్పుడు ఏమీ వినబడదు. ఆపితేనే పిలుస్తుంది. మూడోసారి ఇంటికొచ్చాక భార్య నర్మదకు చెప్పాడు.

"ఇంజన్ చాలూ పెట్టుకొనే పో" అంది ఆమె.

"మైలేజీ పడిపోతది."

"పానం కంటె మైలేజీ ఎక్కువనా?"

తాళం పోతే ఇల్లు ఏమవుతుందో ఆమెకూ తెలుసు.

నెలాఖరు ట్రిప్పు అది. ఆ గొంతుకు జడిసి ఇంజన్ ఆపకుండా దిగినందుకు మైలేజీ అప్పటికే మూడు లోపుకు పడిపోయింది. దిగుడు పైన ఒక్క నిమిషం ఆగాడు శివరాజ్. ఇష్టదైవాన్ని తలుచుకున్నాడు... తాళం వెనక్కి తిప్పాడు.

చీకటి. కంది బస్తాల కిర్రు... టైర్ల కింద కంకర నలిగే సన్నటి శబ్దం... బండి వేగం అందుకుంది.

కల్వర్టు దగ్గరపడింది. గొంతు లేదు.

హమ్మయ్య అనుకున్నాడు. అంతలోనే రోడ్డు నడిమధ్య చిన్న వెలుగు... దాని వెనక మనిషి ఎత్తున తెల్లటి ముసుగు...

"ఆగూ!"

బ్రేకు మీద నిలబడ్డాడు. గాలి సగమే ఉంది. బండి ఆగలేదు. మళ్లీ తొక్కాడు, హ్యాండ్‌బ్రేకు లాగాడు. పద్నాలుగు చక్రాలూ కీచుమంటూ, బస్తాలన్నీ ముందుకు ఒరుగుతూ... బండి ఆగింది.

వెలుగు కనబడలేదు. ముసుగూ కనబడలేదు.

అప్పుడు ముందు నుంచి చప్పుడు. టక్... టక్... ఎవరో బంపర్ మీద వేళ్లతో కొడుతున్నారు.

"ఇనుమే" అంది గొంతు. "దెయ్యం గాదు. బండే."

బండి దిగాడు శివరాజ్. తెల్ల దుప్పటి కప్పుకున్న ఒక నడివయసు ఆడమనిషి, చేతిలో సెల్‌ఫోన్ లైటు. ఆమెకూ బంపర్‌కూ మధ్య జానెడు కూడా లేదు.

"ఎవరక్కా నువ్వు?"

"అమృతమ్మను. ఈరయ్య పెండ్లాన్ని." ఆమె చెయ్యి ఇంకా బంపర్ మీదే ఉంది. "ఇంజన్ ఎందుకు బంద్ జేసినవ్?"

"డీజిల్ కోసం" అన్నాడు. ఆ మాట తన చెవికే సిగ్గుగా వినబడింది.

"గందుకనా..." అంది ఆమె. "మూడు నెలల కింద కంది చేను కావలి జూసుకొని ఇద్దరం ఇంటికి వస్తుంటిమి. ఆయన ముంగట, నేను పది అడుగులు ఎనక. సప్పుడు లేకుండ వచ్చింది. పోయింది. లారీ అంటే ఎవ్వరు నమ్మలే. ఇంజన్ సప్పుడు లేకుండ లారీ ఎట్లొస్తదే అన్నరు. దెయ్యం గొట్టిన ఇల్లని మా గడప తొక్కుతలేరు. అయిన సుట్టాలు సుత వస్తలేరు. అందుకే ఈ నెల మొదలు రోజూ రాత్రి వచ్చి ఈడ నిలబడుతున్న. పక్కన నిలబడి పిలిస్తె ఆగకపోతివి. ఇయ్యాల నడిమిట్ల నిలబడ్డ."

శివరాజ్‌కు ఆ రాత్రి గుర్తుంది. మూడు నెలల కింద, ఇదే కల్వర్టు దగ్గర, ముందు చక్రానికి ఏదో దడ్‌మని తగిలింది. అడవిపంది అనుకున్నాడు. ఆగి చూద్దామనీ అనుకున్నాడు. లోడు బండి ఆపితే మళ్లీ కదిలించడానికి ఎంత డీజిల్ తాగుతుందో గుర్తొచ్చి, ఆగలేదు.

"మా ఊళ్లె దెయ్యం పట్టినోళ్లను ఒక్కటే అడుగుతరు" అంది అమృతమ్మ, ఫోన్ లైటు అతని ముఖం మీదకు ఎత్తి. "చెప్పు. నీ పేరేంది?"

క్యాబిన్ తలుపు తెరిచే ఉంది. తాళం బండికే ఉంది. ఒక్కసారి తిప్పితే చాలు, మలుపు దాటితే తనెవరో ఆమెకు ఎప్పటికీ తెలియదు.

శివరాజ్ తన పేరు చెప్పాడు. ఆమె అడగకుండానే తండ్రి పేరు, ఊరు పేరు కూడా చెప్పాడు.