ఏడో మధ్యాహ్నం

మిట్టమధ్యాహ్నం పన్నెండు కావడానికి ఇంకా పది నిమిషాలున్నాయి...

సూర్యుడు నడినెత్తిన మండాల్సిన ఆ వేళ ఆకాశం కాటుక పూసినట్టు నల్లబడింది. దూరంగా ఉరుము దొర్లింది. పగలు బయటికి రాని గుడ్లగూబ ఒకటి ఎదురింటి నీళ్ల ట్యాంకు మీద వాలి కూసింది. ఒకసారి కాదు... మూడుసార్లు!

ముందుగదిలో గౌను కుడుతున్న చెల్లెలి కాళ్ల కింద మిషను ఆగిపోయింది. ఆమె మెడ మెల్లగా గోడమూలనున్న కెమెరా వైపు తిరిగింది. దాని ఎర్రదీపాలు ఎప్పుడూ చీకటి పడ్డాకే వెలిగేవి. అవి ఇప్పుడు నిప్పుకణికల్లా వెలిగాయి!

ఆరు రోజులుగా ఇదే వరస. పన్నెండు కొట్టేసరికి ఆమె ఒళ్లు కొయ్యబారుతుంది. నోట్లోంచి మగగొంతు వస్తుంది. పావుగంట తర్వాత కూలబడిపోతుంది. రోజురోజుకూ చెంపలు లోపలికి పోయి, చెయ్యి పట్టుకుంటే చల్లగా తగులుతోంది. డాక్టరు రక్తపరీక్షలు రాశాడు. అన్నీ బాగానే ఉన్నాయన్నాడు.

ఈరోజు అక్క వచ్చింది. ఊళ్లో సగం దుకాణాలకు కెమెరాలు బిగించిన మనిషి. అందరూ ఆమెను కెమెరాల అక్క అంటారు. "డ్యూటీలో ఉన్నా ఇల్లు నా ఫోన్లో కనపడాలి వదినా" అని చెల్లెలి మొగుడు, తన మరిది అడిగితే, ఈ ఇంటి కెమెరా రికార్డరును ఇంటర్నెట్టుకు కలిపి, బయటినుంచి చూసే దారి తెరిచిందీ ఆమే.

"నువ్వు ఆ కన్ను బిగించిన దగ్గర్నుంచే నా కోడలికి ఈ గతి!" అంది చెల్లెలి అత్తగారు.

"నన్ను తిట్టడానికి బోలెడు టైముంది అత్తయ్యగారూ. ముందు దాన్ని పట్టుకోండి, కుర్చీలోంచి పడిపోతుంది."

అక్క రికార్డరు ముందు కూర్చుంది. ఎవరు ఎప్పుడు చూశారో అది రాసుకుంటుంది. మరిది ఫోను... మరిది ఫోను... పన్నెండు గంటలకు ఎవరిదో తెలియని ఇంటర్నెట్టు నంబరు! మర్నాడు పన్నెండింటికి మళ్లీ అదే. ఆరు మధ్యాహ్నాలూ అదే!

ఆమె పాస్‌వర్డు పేజీ తెరిచింది. ఫ్యాక్టరీవాళ్లు పెట్టిచ్చిన పాస్‌వర్డు అలాగే ఉంది. డబ్బా మీద అందరికీ కనపడేలా అచ్చువేసి ఉండే పాస్‌వర్డు! ఊరందరినీ "మార్చుకోండి, మార్చుకోండి" అని పోరుపెట్టే తను, సొంత చెల్లెలి ఇంట్లో మాత్రం "తర్వాత చూద్దాంలే" అనుకుని వెళ్లిపోయింది.

గడియారం పన్నెండు కొట్టింది.

"వచ్చావా... నాకు తలుపు తీసిన పుణ్యాత్మురాలా!"

చెల్లెలి నోరే... గొంతు మాత్రం పాతాళం నుంచి వస్తున్నట్టుంది!

"నా కపాలానికి ఏడు మధ్యాహ్నాల ప్రాణం కావాలి. ఆరు తాగింది. తనను చూస్తున్నారని తెలియని మనిషే దానికి ఆహారం! గొళ్లెం లేని ఇళ్లు వెతుక్కుంటూ తిరుగుతాను నేను... ఈరోజుతో ఇది సమాప్తం!"

అత్తగారు ఒక్క అంగలో వెళ్లి కెమెరా తీగ పట్టుకుంది.

"పీకు ముసలీ, పీకు! తీగ తెగితే ఆ ఆరు రోజుల ప్రాణం ఇటే, నా కపాలంలోనే ఉండిపోతుంది! హ్హ హ్హ హ్హ!"

ఆమె చెయ్యి అలాగే ఆగిపోయింది. మళ్లీ ఉరిమింది. చెల్లెలి పెదవులు నీలంగా మారుతున్నాయి.

అక్క ఏడవలేదు, దణ్ణం పెట్టలేదు. "గొళ్లెం లేని ఇల్లు వెతుక్కుంటావా? నీ ఇంటికి గొళ్లెం ఉందేమో చూద్దాం రా" అని పళ్లు బిగించి, ఆ తెలియని నంబరును తన లాప్‌టాప్‌లో కొట్టింది.

తెర మీద ఒక పేజీ తెరుచుకుంది. అదే కంపెనీ రికార్డరు! కపాలాన్ని ఎవరైనా ఎత్తుకుపోతారని వాడికీ భయమే, అందుకే తన గదికీ కెమెరా పెట్టుకున్నాడు! అక్క డబ్బా మీద ఉండే ఆ పాస్‌వర్డే కొట్టింది...

తలుపు తెరుచుకుంది!

కిటికీలు లేని గది. నల్లటి పొగ. నెత్తుటిముద్దలా ఎర్రరంగు పులిమిన కపాలం. దాని ముందు దిసమొలతో కూర్చుని మంత్రం గొణుగుతున్న మాంత్రికుడు. వాడికెదురుగా పెద్ద తెర, తెర మీద చెల్లెలు. కెమెరా వాడి వీపు వెనక ఉంది. తనను చూస్తున్నారని వాడికి తెలియదు!

అక్క లాప్‌టాప్‌ను చెల్లెలి ముఖానికెదురుగా పెట్టింది.

"బుజ్జీ! చిన్నప్పుడు రెప్ప వెయ్యకుండా చూసుకునే పందెంలో ఒక్కసారైనా నన్ను గెలవనిచ్చావటే? ఇదిగో, వీడితో ఆడు. చూడు వాణ్ణి!"

చెల్లెలి కనుగుడ్లు వణికాయి... కెమెరా మీదినుంచి వెంట్రుకవాసి కదిలాయి... ఇంకొంచెం... ఇంకొంచెం... తెర మీదికి దిగి, వాడి వీపు మీద నిలిచాయి. కళ్లలో నీళ్లు ఊరి చెంపల మీదుగా కారాయి. రెప్ప మాత్రం పడలేదు.

ఆ గదిలో కపాలం కదిలింది! దాని గుంటకళ్లు పెద్ద తెర మీదినుంచి మెల్లమెల్లగా మళ్లి... మాంత్రికుడి మీద ఆగాయి.

"ఇటు కాదు! అటు చూడు... అటు... ఆ ఆడదాన్ని!"

ఈ కేక లాప్‌టాప్‌లోంచి వచ్చింది. చెల్లెలి పెదవులు మూసుకునే ఉన్నాయి!

కపాలం ఏడో గుక్క తాగింది. మాంత్రికుడి ఒళ్లు ఎండుటాకులా ముడుచుకుపోయింది. నీలిమంట లేచింది. కపాలం పగిలి, అది తాగిన ఆరు రోజుల ప్రాణం తెర దాటి వెనక్కి వచ్చేసింది. గది ఫెళ్లున పేలి, తెర నల్లబడింది. దాని మీద ఒక్కటే మాట: కనెక్షన్ తెగిపోయింది.

అప్పుడు చెల్లెలు రెప్ప వేసింది. గుండెల నిండా గాలి పీల్చింది. చెంపల్లోకి నెత్తురు ఎక్కింది.

"అక్కా... గెలిచానా?"

"ఎప్పుడు ఓడావు గనక?" అంటూ అక్క అప్పుడు ఏడ్చింది.

బయట ఎండ కాసింది. అత్తగారు కుర్చీ లాక్కొచ్చి కెమెరా కింద వేసింది. "ముందు ఈ దరిద్రాన్ని పీకి అవతల పారెయ్యి తల్లీ."

"ఉండనివ్వండత్తయ్యా" అంది చెల్లెలు. "వాడెవడో చూశాడని మన ఇంటిని మనం చూసుకోవడం మానేస్తామా?"

అక్క కీబోర్డు ఆమె ముందు పెట్టి ముఖం పక్కకు తిప్పుకుంది. "కొత్త పాస్‌వర్డు నువ్వే పెట్టు. మీ ఆయనకు చెప్పుకో. నాకు మాత్రం చెప్పకు."

చెల్లెలు తాపీగా, పొడుగ్గా ఏదో కొట్టింది. తర్వాత మిషను ముందు కూర్చుని గౌను చేతిలోకి తీసుకుంది. తల ఎత్తి సూటిగా కెమెరాలోకి చూసింది.

"ఇంకెవడైనా ఉన్నాడా? ఉంటే కాస్త కూర్చోమను. ఈ గౌను చెయ్యి కుట్టడమొక్కటే మిగిలింది."

మిషను టకటకా కదిలింది.