ఎడమ కనుబొమ్మ

“నవ్వమంటే పళ్లు సూపిస్తావేటి? నేనేటైనా పళ్ల డాక్టర్నా?” ఏంజలిన్ విసుక్కుంది.

“నువ్వు నవ్వించినావా? నవ్వమని ఆర్డరేసినావు!” అన్నాడు టోని.

ప్రేమ్ బజార్‌లో పరోటా హోటలు మేడ మీది కంప్యూటర్ సెంటర్‌లో ఏంజలిన్ మనుషుల ముఖాలు చేయడం నేర్చుకుంటోంది. తెర మీద ముఖానికి చర్మం వేయాలి, కళ్లు తిప్పించాలి, మాట్లాడించాలి. చూసినవాళ్లు నిజం మనిషే అనుకోవాలి. కోర్సు చివరి పనికి ఎవరిదైనా ముఖం కావాలంటే టోనిని పట్టుకొచ్చింది. చిన్నప్పటి నుంచి చర్చి పాటల్లో పక్క వరుసలో నిలబడ్డవాడు, ఇప్పుడు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు.

సెల్‌ఫోన్‌ని కంప్యూటర్‌కి ఆనించి వీడియో పెట్టి, చెప్పాల్సిన మాట కాగితం మీద రాసిచ్చింది. టోని దాన్ని చర్చిలో వాక్యం చదివినట్టు చదివాడు.

“ఏమిటి చూస్తున్నావు?”

బయట వాన పట్టుకుంది. ఏంజలిన్ అటు తిరగబోయి టోని వైపే చూస్తూ ఉండిపోయింది.

“ఏటి సూస్తన్నావు?” అన్నాడు టోని.

“వాన. నిన్నేటి సూడాలి?”

టోని నవ్వి, కాసేపు కాగితం మడతలు పెట్టాడు. “ఏంజీ, రాజమండ్రి సంబంధమొచ్చింది. ఆదివారం మాయమ్మ మాటిచ్చేస్తాదంట. నువ్వేటంటావు?”

ఏంజలిన్ చప్పున తెర వైపు తిరిగింది. అయినా ఆ పిల్ల నోరు ఊరుకునే రకం కాదు.

“సేసేసుకో! కేకు నేను కోస్తాను.”

“అంతేనా?”

“ఇంకేటి?”

టోని గొడుగు కూడా మరిచిపోయి వానలోనే సైకిలెక్కాడు.

మర్నాటి నుంచి ఏంజలిన్ పని మీద పడింది. సగం ముఖం చేసి, రెండో సగాన్ని అద్దంలో నీడలా తిప్పి అతికించింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు పట్టే అడ్డదారే అది. తెర మీది టోని చక్కగా పెదవులు కదిపి, “ఏమిటి చూస్తున్నావు?” అన్నాడు.

పాఠం చెప్పే రాధారాణి దీదీ చూసి పెదవి విరిచింది. “ముఖ్ ఠీక్ హై. ఆద్మీ కహాఁ హై?”

నిజమే. ముఖం ఉంది, మనిషే లేడు.

ఏంజలిన్ మళ్లీ వీడియో తెరిచింది. ఆ రోజు ఫోను ఆపడం మరిచిపోయినట్టుంది, వాన మాటలన్నీ అందులో పడ్డాయి. మెల్లగా నడిపించి చూసింది. ‘ఏమిటి’లో ‘మి’ దగ్గర పెదవులు మూసుకున్నాయి. ‘ఏటి’లో అసలు మూసుకోలేదు. పుట్టి బుద్ధెరిగి టోని ఎప్పుడైనా ‘ఏమిటి’ అన్నాడా? పైగా ‘ఏటి’ అన్నప్పుడు ఎడమ కనుబొమ్మ ఒక్కటే లేచింది. కళ్ల కింద చిన్న నవ్వు ముడత పడింది.

ఇంకాస్త ముందుకు జరిపింది. “సేసేసుకో!” అని తన గొంతు. ఆ కనుబొమ్మ మెల్లగా కిందికి దిగిపోయింది. పెదవుల మీద నవ్వు అలాగే ఉంది, కళ్లలో దీపం ఆరిపోయింది.

ముఖాలు చేయడం నేర్చుకుంటున్న పిల్లకు ఎదురుగా ఉన్న ముఖం చదవడం రాలేదు. ఏంజలిన్ కళ్లు తుడుచుకుని, అతికించిన సగం తీసిపారేసి, ‘ఏటి’ అనే ముఖాన్ని మళ్లీ మొదలుపెట్టింది.

శనివారం సాయంత్రం వానలో, టోని మరిచిపోయిన గొడుగూ లాప్‌టాపూ పట్టుకుని టోని వాళ్ల క్వార్టర్‌కి వెళ్లింది. టోని తల్లి సూసన్న చేపలు కడుగుతున్నదల్లా, చేయి చీరకు తుడుచుకుని తెర దగ్గరకు వచ్చింది.

“ఏటి సూస్తన్నావు?” అంది తెర మీది ముఖం.

“ఓలమ్మో! మా టోనిగాడే! ఇంత ముద్దుగా ఎవర్ని సూస్తన్నాడే?”

ఏంజలిన్ తల వంచుకుంది. సూసన్న పక్కనే నిలబడ్డ కొడుకు వైపు చూసింది, మళ్లీ పిల్ల వైపు చూసింది.

“టోనీ, ఆవేళ నేను అబద్ధమాడినాను,” అంది ఏంజలిన్. “ఆ పిల్లని సేసుకోకు.”

“మరెవర్ని సేసుకోను?”

“ఒరే! వానలో అంత బరువు మోసుకొచ్చి సెప్తంటే ఇంకా అడుగుతావేటిరా?” సూసన్న కసిరింది. “రాజమండ్రోళ్లకి నేను సెప్పుకుంటాన్లే. పిల్లా, కూకో. సేపల పులుసు తిని ఎల్దువు.”

ఆమె లోపలికి వెళ్లగానే టోని గొంతు తగ్గించాడు. “కేకు నువ్వే కోస్తానన్నావు.”

“ఒక్కదాన్నే కోస్తానన్లేదుగా.”

టోని ఎడమ కనుబొమ్మ లేచింది. ఈసారి ఏంజలిన్ ఫోను తీయలేదు.