చదవకుండా పెట్టిన సంతకం

"నీకు తెలుగొచ్చా?"

చాందిని ఉపేందర్‌తో మాట్లాడిన మొట్టమొదటి మాట ఇదే. అతనికి ఒళ్ళు మండింది. చిల్కానగర్‌లో పుట్టి, చిల్కానగర్‌లో పెరిగి, ఉప్పల్ దాటి పట్టుమని పది రోజులు ఎక్కడా ఉండనివాణ్ణి పట్టుకుని తెలుగొచ్చా అని అడిగితే ఎవరికి మాత్రం మండదు?

"రాదు. మా ఇంట్ల అందరం ఫ్రెంచే మాట్లాడుతం," అన్నాడు.

"జోకులొద్దు. చదవడం, రాయడం వచ్చా అని. నేను పన్నెండో క్లాసు దాకా నాగపూర్‌లో చదివాను. మాట్లాడతాను గానీ రాయాలంటే డిక్షనరీ కావాలి."

"గదే అనుకున్న. పేరేమో హిందీ, తెలుగేమో డిక్షనరీ."

ఆ అమ్మాయి కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూసింది. ఆ చూపుకు అర్థం ఏ సైకాలజీ పుస్తకంలోనూ లేదు. ఉపేందర్ మాత్రం ఆ రోజు క్లాసులో ఇంకేమీ వినలేదు.

అది 2008 వానాకాలం. హబ్సిగూడలోని ఆ కాలేజీలో మేనేజ్‌మెంటూ సైకాలజీ కలిపి చెప్పే పీజీ కోర్సు కిందటేడే కొత్తగా పెట్టారు. వీళ్ళది మొదటి బ్యాచ్. పొద్దున మార్కెటింగ్, మధ్యాహ్నం మనస్తత్వాలు. ఆ చదువు చదివితే చివరికి ఏమవుతారో వీధిలో ఎవరికీ తెలియదు. ఉపేందర్ తల్లి వెంకటనర్సమ్మ మాత్రం, "మా పోరడు మేనేజరు అయితడు, పిచ్చోళ్ళ డాక్టరు గూడ అయితడు," అని నల్లా దగ్గర గర్వంగా చెప్పుకునేది.

ఆఖరి ప్రాజెక్టుకు ఇద్దరిద్దరిని కలపాల్సి వచ్చినప్పుడు ప్రొఫెసర్ సత్యనారాయణమూర్తి చీటీలు వేయలేదు. అందరికీ పర్సనాలిటీ టెస్ట్ పెట్టి, జాగ్రత్త ఎక్కువున్నవాళ్ళ పక్కన జాగ్రత్త తక్కువున్నవాళ్ళను కూర్చోబెట్టారు. అలా కలిశారు వీళ్ళిద్దరూ.

"జాగ్రత్తలో నీకెంత వచ్చింది?" అని ఉపేందరే అడిగాడు.

"నూటికి తొంభై నాలుగు. నీకు?"

"జర వేరే ముచ్చట మాట్లాడుకుందాం."

చాందిని మొదటిసారి నవ్వింది. ఇక ఉపేందర్ పని అయిపోయింది.

ప్రాజెక్టు విషయం, ఫ్యాక్టరీ కార్మికుల్లో స్ట్రెస్. ఉపేందర్ తండ్రి బుచ్చిరాములు నాచారంలో ఒక చిన్న ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళుగా ప్రెస్ మిషన్ ఆపరేటర్. స్టీలు రేకును మిషన్ కింద పెట్టి ఒత్తితే డబ్బా మూత బయటికొస్తుంది. అలాంటి మిషన్ల మీద ముప్పై ఎనిమిది మంది పనిచేస్తారు. యజమాని ఉమామహేశ్వర్‌కు కొత్త చదువులంటే మహా మోజు. అడగ్గానే సరేనన్నాడు.

చాందిని డిక్షనరీ ముందేసుకుని వారం రోజులు కుస్తీ పట్టి, నాలుగు పేజీల ఫారం తెలుగులో రాసింది. కాలేజీ క్యాంటీన్‌లో ఉపేందర్ పక్కన కూర్చుని కాగితాలు అతని ముందుకు జరిపింది.

"ప్రతి లైనూ చదువు. మీ వాళ్ళకు అర్థమవుతుందో లేదో నీకే తెలుస్తుంది. బాగుంటే కింద సంతకం పెట్టు."

బయట వాన దంచి కొడుతోంది. ఆమె చున్నీ కొసతో కళ్ళజోడు తుడుచుకుంటోంది. కళ్ళజోడు లేని ఆ మొహాన్ని ఉపేందర్ అంతకుముందు చూడలేదు. ఒక పేజీ తిప్పాడు. రెండో పేజీ తిప్పాడు. నాలుగూ తిప్పాడు.

"ఎలా ఉంది?"

"మస్తుంది," అని నాలుగు పేజీల కిందా సంతకం గీకేశాడు.

ఫారాలు సూపర్‌వైజర్ చేతికిచ్చారు. రెండు రోజుల్లో అందరి చేతా నింపించి పంపాడు. లెక్క తీస్తే చాందినికి కళ్ళు తిరిగాయి. పనిలో ఒత్తిడి ఎంత తరచుగా ఉంటుందన్న ప్రశ్నకు ముప్పై ఎనిమిది మందీ 'ఎల్లప్పుడూ' అన్నారు. ఒత్తిడి తగ్గితే మీకెలా ఉంటుందంటే, ముప్పై ఎనిమిది మందీ 'చాలా బాధగా' అన్నారు.

మూర్తి సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఒత్తిడి లేకపోతే దిగులు పడే కార్మికులు! అమ్మాయ్, ఇలాంటి ఫలితం నా సర్వీసులో చూడలేదు. వచ్చే నెల పుణెలో సెమినార్ ఉంది. నువ్వే వెళ్ళి చెప్పాలి."

చాందిని కాలేజీ నుంచే ఇంటికి ఫోన్ చేసింది. నాగపూర్ నుంచి బదిలీ మీద ఇక్కడికొచ్చిన సైంటిస్టు, ఆమె తండ్రి అచ్యుతరావు ఎవరినీ తొందరగా మెచ్చుకునే మనిషి కాదు. ఆయన కూడా "శభాష్" అన్నాడని రెండు రోజులు చెప్పుకుని మురిసిపోయింది. రిపోర్టు కాపీ ఒకటి ఉమామహేశ్వర్‌కూ పంపారు.

ఆ శనివారం సాయంత్రం బుచ్చిరాములు ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, ఎవరితోనూ మాట్లాడకుండా గోడకానుకుని కూర్చున్నాడు. చాయ్ ఇస్తే తాగలేదు.

"ఏమైంది నాయినా?" అని ఉపేందర్ అడిగాడు.

"ఏం గాలే."

"ఏం గాలే అంటవేంది? చెప్పు, నీ కొడుకు రాసిన రాతే గద," అంది వెంకటనర్సమ్మ.

బుచ్చిరాములు తన చేతులు చూసుకున్నాడు. "సోమారం కెల్లి యాభై దాటినోళ్ళను మిషిన్ కాడి కెల్లి తీసేస్తుండ్రు. అందర్ని తీస్తే ఫ్యాక్టరీ నడ్వదు గద, ముందుగాల ముసలోళ్ళమంట. నలుగురం ఉన్నం. నన్నయితే గేటు కాడ కుర్చేసి కూసోబెడ్తరంట. మా తలకాయలు ఖరాబైనయ్, ఏలు తెగ్గొట్టుకుంటరు అని నీ రిపోర్టుల ఉన్నదంట గద. సారు జూపిచ్చిండు, రంగు రంగుల బొమ్మ. ఇరవై ఆరేండ్ల సంది ఒక్క గోరు గూడ పోలే నాది. కొడుకును సదివిస్తే నా చేతులకెల్లి మిషిన్ గుంజుకున్నడు అనుకున్న."

ఉపేందర్ తండ్రి ముందు నేల మీద చతికిలబడ్డాడు.

"నేను సొంతంగ ఏం రాయలే నాయినా. మీరు టిక్కు గొట్టిందే రాసినం. ఒత్తిడి ఎంత తరచుగా ఉంటుందంటే నువ్వేం గొట్టినవ్?"

"ఎల్లప్పుడు అని గొట్టిన. పొద్దుగాల ఎనిమిదింటి కెల్లి ఒత్తుడే గద నా పని? గా మూతలు ఎవరు ఒత్తుతున్నరనుకున్నవ్?"

"ఆఁ?"

"ఇంగొకటి గూడ అడిగిన్రు, ఒత్తుడు తగ్గితే ఎట్లుంటది అని. ఎట్లుంటది మరి? మొన్న ఎండకాలం రేకు రాక నాలుగు రోజులు మిషిన్లు బందు వెట్టిన్రు. పానం గిలగిల కొట్టుకున్నది. బాధ అనే గొట్టిన. అందరం మాట్లాడుకొనే గొట్టినం."

డిక్షనరీ ప్రకారం చాందిని రాసిన 'ఒత్తిడి' నూటికి నూరు పాళ్ళూ సరైన మాటే. కానీ పొద్దంతా మూతలు ఒత్తేవాళ్ళకు ఒత్తిడి అంటే ఒత్తుడే. ఈ సంగతి పట్టుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ప్రెస్ ఆపరేటర్ కొడుకు ఆ లైను ఒక్కసారి చదివితే చాలు. ఆ కొడుకే చదవలేదు.

వెంటనే చాందినికి ఫోన్ చేసి, జరిగిందంతా చెప్పాడు.

"నువ్వు చదివావు కదా? నాలుగు చోట్ల సంతకం పెట్టావు," అంది చాందిని.

"పెట్టిన."

"చదవలేదా?"

"లే."

"ఎందుకు?"

"గది... తర్వాత జెప్త."

ఫోన్ కట్టయింది. అంతే, అయిపోయింది అనుకున్నాడు ఉపేందర్. నాన్న మిషనూ పోయింది, ఈ పిల్లా పోయింది. తన మీద తనకే అసహ్యం వేసి చెంపలు వాయించుకోవాలనిపించింది. పది నిమిషాలకు ఫోన్‌లో మెసేజ్ మోగింది. 'సోమవారం ఏడున్నరకు నాచారం బస్టాప్. ఫారాలన్నీ తీసుకురా.'

సోమవారం సన్నగా తుంపర పడుతోంది. చాందిని ఒక్క గొడుగుతో వచ్చింది. దాన్ని అతని వైపు కొంచెం కూడా వంచలేదు.

"మూర్తి సార్‌కు నిన్న చెప్పేశాను. పుణె లేదు," అంది నడుస్తూనే.

"సార్ ఏమన్నడు?"

"సెమినార్‌కు పేరు తీసేస్తానన్నారు. తర్వాత, మూడు వారాల్లో మళ్ళీ చేసి తెమ్మన్నారు."

"నీకు బాధ లేదా?"

"బోలెడుంది. నిన్నంతా ఏడ్చాను. మా నాన్నకు ఇంకా చెప్పలేదు కూడా. కానీ మీ నాన్నగారిని గేటు దగ్గర కూర్చోబెట్టి, నేను పుణెలో నిలబడి ఏమని చెప్పను?"

ఉపేందర్ తడుస్తూ ఆమె పక్కనే నడిచాడు. ఈ పిల్ల అంటే తనకు ఇష్టమని అప్పటిదాకా తెలుసు. ఈ పిల్ల లేకపోతే తనకు కుదరదని అప్పుడే తెలిసింది.

ఉమామహేశ్వర్ గదిలో గోడకు వాళ్ళ రిపోర్టులోని రంగుల చార్టు అప్పుడే ఫ్రేము కట్టించి పెట్టి ఉంది. చాందిని జరిగిన తప్పు విడమరిచి చెప్పింది. ఆయన నమ్మీ నమ్మనట్టు విని, బుచ్చిరాములును పిలిపించాడు. బుచ్చిరాములు కొత్త ఖాకీ చొక్కా వేసుకుని వచ్చాడు. చేతిలోని గేటు కర్రను పరాయి పిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకున్నాడు.

"అంకుల్, ఇంకోసారి అడుగుతాను," అని, చాందిని ఉపేందర్ వైపు తిరిగింది. "స్ట్రెస్‌ను, అంటే మనసులో గుబులును, మీ ఇంట్లో ఏమంటారు?"

"రంది."

"మిషన్ దగ్గర మీకు రంది ఉంటుందా అంకుల్?"

బుచ్చిరాములు మొహం విచ్చుకుంది. "రందా? మిషిన్ కాడ రందేంది బిడ్డా? మూత సక్కగ వస్తే పానం నిమ్మలమైతది. ఇగో, గీ కట్టె చేతికిచ్చిన్రు సూడు, ఇప్పుడైంది రంది."

ఉమామహేశ్వర్ చార్టు వంకా, బుచ్చిరాములు వంకా మార్చి మార్చి చూశాడు. "మరి ఈ ఫారం తెలుగు ఎవరు రాసిన్రు?"

"నేనే సార్. తప్పు నాదే," అంది చాందిని.

"కాదు సార్," అని ఉపేందర్ ముందుకొచ్చాడు. "రాసింది ఆమె. చూడాల్సింది నేను. సదవకుండ సంతకం పెట్టిన."

"ఎందుకు సదవలేదయ్యా? ప్రెస్ ఆపరేటర్ కొడుకువు, మొదటి లైన్లనే దొరకాలె గద నీకు?"

ఉపేందర్ తల గోక్కున్నాడు. నాన్న చూస్తున్నాడు. యజమాని చూస్తున్నాడు. చాందిని అయితే రెప్ప వేయకుండా చూస్తోంది. అబద్ధం ఒకటి వెతికాడు గానీ సమయానికి దొరకలేదు.

"పక్కన ఈమె కూసున్నది సార్. వాన పడుతుండె. ఈమె కండ్లద్దాలు తుడుసుకుంటుండె. పేజీలయితే తిప్పిన గాని, నాకు ఒక్క అక్షరం గూడ కనవడలే."

బుచ్చిరాములు ఎన్నడూ చూడనట్టు పైన తిరిగే ఫ్యాన్‌ను చూడసాగాడు. చాందిని మొహం ఎర్రబడింది. కోపమో, ఇంకేమిటో ఉపేందర్‌కు అంతుపట్టలేదు. ఏడాది పాటు చదివిన సైకాలజీ ఎందుకూ పనికిరాలేదు.

ముందుగా ఉమామహేశ్వర్ పగలబడి నవ్వాడు. "ఓరి నీ! నువ్వు పిల్లను జూసుకుంట కూసోని, నా మంచి ఆపరేటర్లను నలుగురిని గేటుకు పంపిస్తివి గదరా!" అంటూ లేచి, బుచ్చిరాములు చేతిలోంచి కర్ర తీసి మూలన పెట్టాడు. "పో బుచ్చిరాములూ, పోయి నీ మిషిన్ చూసుకో. కడమ ముగ్గురికి గూడ చెప్పు."

బుచ్చిరాములు అక్కడే నిలబడి ఖాకీ చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. లోపల తన పని చొక్కా అలాగే ఉంది. పొద్దున దాన్ని విడవబుద్ధి కాక దాని మీదే ఖాకీ తొడుక్కున్నాడట. గుండెల మీది బండ దించినట్టు ఊపిరి వదిలి, కొడుకు వీపు మీద ఒక్కటి చరిచి, పరుగులాంటి నడకతో షెడ్డులోకి వెళ్ళిపోయాడు. ఉపేందర్‌కు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

బయటికొచ్చాక చాందిని గొడుగు విప్పింది. ఈసారి దాన్ని అతని వైపు వంచింది.

"కొత్త ఫారం ఈసారి నువ్వు రాయి," అంది.

"నువ్వు చెక్ జేస్తవా?"

"చెయ్యలేను."

"ఎందుకు?"

"నువ్వు పక్కన కూర్చుంటే నాకూ అక్షరాలు కనపడవు. అందుకే ఆ ఫారం ఇంట్లో రాసుకొచ్చాను." అనేసి గబగబా నాలుగడుగులు ముందుకు వేసింది. గొడుగు ఆమెతో వెళ్ళిపోయింది. ఉపేందర్ వానలోనే నిలబడ్డాడు, పిచ్చి నవ్వు నవ్వుకుంటూ.

"మరి ఎవరు సదవాలె?" అని వెనక నుంచి అరిచాడు.

"మీ నాన్నగారు! మొదటే ఆయన్ని అడగాల్సింది."

ఆ ఆదివారం చాందిని చిల్కానగర్ వచ్చింది. బుచ్చిరాములు చాప మీద కూర్చుని, కొత్త ఫారాన్ని వేలు పెట్టి లైను లైనూ పైకి చదివాడు. నచ్చని మాట దగ్గర ఆగి, "గిట్ల మావోళ్ళు అనరు," అని కొట్టేశాడు. రెండు గంటలు పట్టింది. నాలుగో పేజీ అయిపోయాక కాగితాలు పక్కన పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"బిడ్డా, గీ కాయితంల లేని ప్రశ్న ఒకటి అడుగుత. ఏమనుకోవద్దు."

"అడగండి అంకుల్."

"మా పోరడు నీకు నచ్చిండా?"

ఉపేందర్ నేల చూశాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. చాందిని ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"నచ్చాడు," అంది.

వెంకటనర్సమ్మ చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆ పిల్ల పక్కనే చాప మీద కూర్చుంది. "అయితే మీ అమ్మా నాయిన ఇంట్ల ఎప్పుడుంటరో చెప్పు బిడ్డా. మేమే వస్తం."

ఆదివారాలు ఇంట్లోనే ఉంటారని చాందిని చెప్పింది.