ఆపండి అన్నదెవరు?

పొగమంచులో కిందికి దిగుతున్న రెస్క్యూ హెలికాప్టర్ నేలను గుద్దుకుంది. పైలట్ కళ్లెదుట ఉన్న ఎత్తు మీటరు మాత్రం, నేల ఇంకా చాలా దూరం ఉందని చెబుతూనే ఉంది. పైలట్ బతికాడు గానీ నడుము విరిగింది. మరుసటి ఉదయమే ఏజెంట్ కుంపటికి పిలుపొచ్చింది.

అతను బజార్లో ఉన్న గొడుగుల రిపేరు షాపులోకి అడుగుపెట్టాడు. కౌంటర్ వెనక ముసలాయన తలెత్తకుండానే అడిగాడు.

"గొడుగు తడిసిందా?"

"ఎండలోనే తడిసింది."

"ఆ కోడ్ మారిపోయిందయ్యా. నీకు చెప్పలేదా?"

"ఎవరూ చెప్పలేదు."

"ఇక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరు. పో లోపలికి."

కుంపటి పళ్లు నూరుకుంటూ వెనక గదిలోకి వెళ్లాడు. సైన్యంలో పని చేసి అక్కడినుంచి గూఢచారి శాఖకు వచ్చిన మనిషి. ఎప్పుడు చూసినా లోలోపల రాజుకుంటూ ఉంటాడని ఆ కోడ్ నేమ్ తగిలించారు. ఇంట్లోవాళ్లకు మాత్రం అతను గొడుగుల కంపెనీలో సేల్స్‌మన్.

"కూర్చో," అన్నాడు చీఫ్, గొడుగు ఊచలు కుప్పపోసిన బల్ల వెనకనుంచి. "ఆ ఎత్తు మీటర్లు తయారుచేసే కంపెనీ సరుకులో లోపం లేదు. ఆ ఒక్క హెలికాప్టర్ మీటర్ని మాత్రం విదేశీ ముఠా కావాలని పాడుచేసింది."

"ఒక్కదాన్నా? దేనికి సార్?"

"అందరూ బెదిరిపోయి కొత్త సాఫ్ట్‌వేర్ కావాలని గోల పెట్టాలని. పెట్టారు కూడా. మీటర్ల కంపెనీ హడావిడిగా అప్‌డేట్ తయారుచేస్తోంది. అందులోకి విషం ఎక్కించే మనిషి ఆ కంపెనీలోనే ఉన్నాడు. అది రెస్క్యూ హెలికాప్టర్లన్నిటికీ వెళ్తుంది. ఏది దిగబోయినా నేలకు కొట్టుకుంటుంది."

కుంపటి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అతని చెల్లెలు రెస్క్యూ పైలట్.

"నాకు తెలుసులే," అన్నాడు చీఫ్. "అందుకే నిన్ను పంపుతున్నా. నీ వేషం రిటైర్డ్ మేజర్. ఆఫీసు టీములకు మిలిటరీ పద్ధతిలో లీడర్‌షిప్, టీమ్‌వర్క్ నేర్పే ట్రైనర్. ముఠా తరఫున సరుకు చేరవేసే ఆడమనిషి ఒకతె అక్కడ తిరుగుతోందని కబురు. ఇదిగో పెన్ను. క్యాప్ నొక్కితే మత్తుసూది వస్తుంది."

"పని చేస్తుందా?"

"చేస్తుందనే కొన్నారు."

"లోపల మనవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా సార్?"

"నీకు ఎంత అవసరమో అంతే చెప్తా. బయల్దేరు."

శత్రువుల మధ్య తిరగడం కుంపటికి కొత్త కాదు. ఆఫీసు మీటింగుల మధ్య తిరగడం మాత్రం కొత్త. తల ప్రాణం తోకకొచ్చింది. కరెంటు ప్లగ్గు ఊడినా మీటింగే. దాన్ని పెట్టాల్సింది ఏ డిపార్ట్‌మెంటో తేల్చడానికి మళ్లీ మీటింగు.

"మిలిటరీలో ఆర్డర్ విన్నవాడు దాన్ని తన సొంత మాటల్లో తిరిగి చెప్పాలి," అన్నాడు కుంపటి మొదటి క్లాసులో. "ఏం చెయ్యాలన్నదే కాదు, ఎందుకు చెయ్యాలన్నది కూడా. ఎందుకో తెలిస్తే, ప్లాన్ తలకిందులైనా మీ అంతట మీరే పని నడిపిస్తారు. అర్థమైందా?"

"అర్థమైంది సార్!" అని హాలంతా మోగింది.

"ఏం అర్థమైంది?"

రేడియో డెస్క్ అమ్మాయి చెయ్యెత్తింది. "స్లైడ్స్ మెయిల్ చేస్తారా సార్?"

కుంపటికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరు ద్రోహో పట్టుకుందామని వస్తే, ఇక్కడ ఎవరు ఏ పని చేస్తారో కూడా అంతుపట్టడం లేదు. టీమ్ లీడర్ సంగతి మరీ అన్యాయం. నోట్లో నాలుక లేని మనిషి. పైవాళ్లు ఏమన్నా "ఓకే సార్", కిందివాళ్లు ఏమన్నా "ఓకే అండి". అందరూ ఆయన్ని 'ఓకే సార్' అనే పిలుస్తారు, దానికీ ఆయన ఓకే అన్నాడు.

శ్రద్ధగా వినేది క్వాలిటీ హెడ్ ఒక్కడే. ఆఫీసంతా ఆయన్ని బాబాయ్ అంటారు. కనిపించిన ప్రతివాడి చేతిలో ఒక పిప్పరమెంటు పెట్టి కుశలం అడిగే రకం. ముందు వరసలో కూర్చుని ఆయనే అడిగాడు.

"మేజర్ గారూ, నాకో సందేహం. కమాండర్ ఆర్డర్ వేశాక సిపాయి ప్రశ్నలు వేస్తాడా అండీ?"

అప్పటికే కుంపటికి విసుగు పుట్టింది. "ఆర్డర్ అంటే ఆర్డర్! ప్రశ్నలు తర్వాత!" అని అరిచేశాడు.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఆ వెంటనే తప్పు దిద్దుకుందామని ఫైరింగ్ రేంజ్ సంగతి ఎత్తుకున్నాడు. అక్కడ తుపాకులు పేలుతుండగా ఎవరికి ఏ తేడా కనిపించినా 'ఆపు' అని అరవొచ్చు. అరిచింది జనరలా, వంటవాడా అని చూడరు. ముందు ఆపుతారు, తర్వాత అడుగుతారు. అయితే అప్పటికే భోజనాల వేళయింది, కుర్చీలు ఖాళీ అయ్యాయి.

ఓకే సార్ మాత్రం తలుపు దగ్గర ఆగాడు. "నిజంగా వంటవాడు కూడా ఆపొచ్చా సార్?"

"ఎవడైనా ఆపొచ్చు."

"తీరా ఏమీ లేదని తేలితే? తిట్టరా?"

"ఆపినందుకు అక్కడ ఎవణ్ణీ తిట్టరు."

ఆయన ఏదో అనబోయి, "ఓకే సార్," అని వెళ్లిపోయాడు. మర్నాడు ఆఫీసుకొచ్చేసరికి ప్రతి గోడ మీదా పెద్ద పోస్టరు: 'ఆర్డర్ అంటే ఆర్డర్!' కింద మేజర్ గారి పేరు. వేయించింది బాబాయ్.

ఇక ఆ ఆడమనిషి. ఆమెను పోల్చుకోవడానికి గూఢచారే కానక్కర్లేదు. విదేశీ కస్టమర్ల ప్రతినిధినని చెప్పుకుంటూ తిరిగేది. ఎర్ర గౌను, నల్ల కళ్లద్దాలు, ఎత్తు మడమల జోళ్లు. ఆమె వెళ్లిపోయాక కూడా లిఫ్టులో సెంటు వాసన పోయేది కాదు. ఒకరోజు కారిడార్ చివర కిటికీ దగ్గర నిలబడి ఆమె లిప్‌స్టిక్‌తో గుసగుసగా మాట్లాడటం కుంపటి కళ్లారా చూశాడు. ట్రాన్స్‌మిటర్! లిఫ్టులో పొరపాటున తగిలినట్టు తగిలి, దాన్ని లాఘవంగా కొట్టేసి చీఫ్‌కు పార్సిల్ చేశాడు. ఉద్యోగంలో చేరాక ఇంత శుభ్రంగా చేసిన పని లేదని లోలోపల మురిసిపోయాడు. అప్పటినుంచి ఆమె ఎటు కదిలితే అటు నీడలా తిరిగాడు.

అప్‌డేట్ పంపించే రోజు పొద్దున్నే చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, గొడుగుల బేరం ఎలా ఉంది? ఇక్కడ వరద ముంచేస్తోంది. జనం మిద్దెలెక్కి కూర్చున్నారు. అప్‌డేట్ వస్తే గానీ ఎగరొద్దన్నారు. వచ్చిన మరుక్షణం లేస్తాం."

"ఇవాళ సెలవు పెట్టమ్మా."

"మతి పోయిందా నీకు? ఎందుకు?"

ఎందుకో చెప్పకూడదు. తల్లికైనా, చెల్లికైనా చెప్పనని సంతకం పెట్టి చేరిన ఉద్యోగం. "ఊరికే," అన్నాడు కుంపటి.

"ఊరికే అయితే ఫోన్ పెట్టెయ్. నాకు బోలెడు పనుంది."

ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఆమె ఫోన్ పలకలేదు. కాక్‌పిట్‌లో కూర్చుందన్నమాట. కుంపటి మెట్లమీద ఎర్ర గౌనును అడ్డగించి పెన్ను తీసి క్యాప్ నొక్కాడు. సూది రాలేదు. సిరా చిమ్మి గౌనంతా నీలమైంది. రెప్పపాటులో ఆమె అతని చెయ్యి మెలితిప్పి గోడకు అదిమింది.

"నా లిప్‌స్టిక్ కొట్టేసిన దొంగవి నువ్వేనన్నమాట! ఎవడ్రా నువ్వు?" ఆమె చూపు ఆ పెన్ను మీద ఆగింది. "గొడుగు తడిసిందా?"

కుంపటి కళ్లు తేలేశాడు. "ఎండలోనే తడిసింది... ఆ కోడ్ మారింది కదా?"

"మారిందా? నాకెవరూ చెప్పలేదే!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కుంపటి స్పీకర్ పెట్టి చీఫ్‌కు ఫోన్ కొట్టాడు.

"సార్, ఎర్ర గౌను మన మనిషా?"

"అవును. ముఠా తమ మనిషనుకుంటుంది, నిజానికి మన మనిషే. డబుల్ ఏజెంట్."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు ఎంత అవసరమో అంతే..."

"ఆ లిప్‌స్టిక్ సంగతేంటి?"

చీఫ్ కాసేపు దగ్గాడు. "ల్యాబ్‌వాళ్లు దాన్ని విప్పి చూస్తున్నారు. ఏ దేశపు సరుకో తేలడం లేదట. మనదే అయ్యుండాలి."

ఆమె నెత్తి కొట్టుకుంది. "విషం ఫైల్ని చేరవేసింది నేనే! ఎవడు తీసుకుంటాడో చూద్దామని. తీసుకున్నది బాబాయ్. నా ఫోన్ ముఠా వింటుంది, ఆ పేరు చెప్పడానికి నాకున్న దారి ఆ లిప్‌స్టిక్ ఒక్కటే. అది పోయాక స్వయంగా వచ్చి చెబుదామంటే, దయ్యంలా ఈ మేజర్ వెంటపడ్డాడు. ముఠా నామీద పెట్టిన నిఘా అనుకున్నాను!"

"సార్, హెలికాప్టర్ల వాళ్లకు ఫోన్ చేసి ఆపండి!" అని కుంపటి అరిచాడు.

"చేశానయ్యా. లెటర్‌హెడ్ మీద రాసి పంపమన్నారు. మన దగ్గర గొడుగుల షాపు లెటర్‌హెడ్ తప్ప ఇంకోటి లేదు."

కుంపటికి ఏడుపొచ్చినంత పనైంది. ఫోన్ జేబులో కుక్కుకుని రిలీజ్ గదికి పరుగెత్తాడు, వెనకే ఆమె.

గదిలో పెద్ద తెరమీద ఆకుపచ్చ గీత కుడివైపుకు పాకుతోంది. గీత అంచును తాకితే అప్‌డేట్ చేరినట్టు. మూడు డెస్కుల నుంచి మూడు లైన్లు: సర్వర్, రేడియో, కంట్రోల్. ఒకటి ఆపితే మిగతా రెండింట్లోంచి వెళ్లిపోతుంది. ముగ్గురూ ఒక్కసారే స్విచ్ నొక్కితే తప్ప ఆగదు. ఒకడి పీక పట్టుకుంటే జరిగే పని కాదది.

"ఆపండి!" అన్నాడు కుంపటి.

ఎవరూ కదల్లేదు. బాబాయ్ పిప్పరమెంటు చప్పరిస్తూ నవ్వాడు. "మేజర్ గారూ, మీ క్లాసు రేపు కదండీ. ఇది ఎండీ గారి ఆర్డర్. గోడమీద ఏముందో ఒకసారి చూడండి."

గోడమీద తన మాటే ఉంది. కుంపటికి ఆ పోస్టరును చింపేయాలనిపించింది. గీత పాకుతూనే ఉంది.

"చెప్పకూడదని ఒట్టు. అయినా చెప్తున్నా," అన్నాడు. "నేను ట్రైనర్ని కాదు, గూఢచారిని. ఆ ఫైల్లో విషం ఉంది. మీటర్లు తప్పుడు ఎత్తు చూపిస్తాయి. ఆ హెలికాప్టర్లలో ఒకదాంట్లో మా చెల్లెలు కూర్చునుంది. అప్‌డేట్ అందగానే వరదలో జనాన్ని దించడానికి లేస్తుంది. మీ పని మీటర్లు పంపడం కాదు, వాళ్లని క్షేమంగా నేలమీదికి దించడం. ఇన్నాళ్లూ మీకు ఎందుకో తెలుసుకోమని నేర్పి, నేను మాత్రం ఎందుకో చెప్పలేదు. తప్పు నాది."

రేడియో అమ్మాయి, సర్వర్ కుర్రాడు కంట్రోల్ డెస్క్‌లో ఉన్న ఓకే సార్ వైపు చూశారు. ఓకే సార్ బాబాయ్ వైపు తిరిగాడు.

"బాబాయ్... టెస్టు చేసిన ఫైలూ ఇదీ ఒకటేనా?"

"నామీదే అనుమానమా? ఎండీ గారి ఆర్డర్ అని చెప్పానా లేదా? కూర్చో."

"ఓకే," అన్నాడాయన అలవాటుకొద్దీ, కుర్చీలోకి ఒరుగుతూ.

గీతకూ అంచుకూ మధ్య గోరంత సందు మిగిలింది.

సగం కూర్చున్నవాడు మళ్లీ లేచాడు. "ఓకే కాదు! ఆపండి! నేను చెప్తున్నా, ఆపండి!"

ఆ మనిషి అంత గట్టిగా అరవగలడని ఆయనకే తెలియదు. ఎవరూ ఎందుకని అడగలేదు. మూడు చేతులు ఒక్కసారే మూడు స్విచ్‌ల మీద పడ్డాయి. ఆకుపచ్చ గీత అంచు దగ్గర వణికి, ఎర్రబడి, ఆగిపోయింది.

బాబాయ్ తలుపు వైపు పరుగు తీశాడు. ఎర్ర గౌను కాలెత్తింది. జోడు మడమలోంచి దూసుకొచ్చిన మత్తుసూది ఆయన పిక్కలో దిగింది. పిప్పరమెంట్లు గదంతా దొర్లాయి.

"ఇదెలా పనిచేసింది?" అని అడిగాడు కుంపటి అసూయగా.

"సొంత డబ్బుతో కొనుక్కున్నా," అందామె, సిరా మరకలు చూసుకుంటూ.

సాయంత్రానికి టెస్టు ఫలితం వచ్చింది. ఫైల్లో విషం ఉన్న మాట నిజమే. ఎండీ గారు అభినందన సభ ఎప్పుడు పెట్టాలో తేల్చడానికి మీటింగు పెట్టారు. కుంపటి మెట్లమీద కూలబడి ఉండగా ఫోన్ మోగింది.

"అన్నయ్యా, చచ్చేంత చిరాగ్గా ఉంది!" చెల్లెలి గొంతు. "తీరా అప్‌డేట్ వచ్చే ముందు ఎవడో వెధవ ఆపేయించాడట. హెల్మెట్లు పెట్టుకుని వెర్రిమొహాలేసుకుని కూర్చున్నాం. చివరికి మీటర్లలో లోపం లేదని తేల్చి పాత సాఫ్ట్‌వేర్‌తోనే వెళ్లమన్నారు."

"అందర్నీ దించారా?"

"దించాం. ఒక పసిపిల్లయితే నా మెడ పట్టుకుని వదల్లేదు."

కుంపటి కళ్లు తుడుచుకున్నాడు. ఒట్టు ఎలాగూ తప్పాడు. ఇంక దాచేదేముంది?

"అమ్మలూ, ఆ ఆపించిన వెధవని నేనే. నేను గూఢచారిని."

అవతలనుంచి నవ్వు. తెరలు తెరలుగా, హ్యాంగర్ అంతా మోగేలా నవ్వు.

"చాల్లే అన్నయ్యా, కడుపు నొప్పొస్తోంది! ఇక్కడ వాన ఇంకా తగ్గలేదు. నీ కంపెనీది ఒక మంచి గొడుగు పంపించు, చాలు."