నగ్మా పెంచుతున్న గుండె

“ఆగండాగండి! లోపలికొచ్చారంటే నా గుండె చచ్చిపోతుంది!”

ల్యాబ్ తలుపుకి అడ్డంగా చేతులు చాపి అరిచాడు ఒక కుర్రాడు. తెల్లకోటు, తలకి నీలం టోపీ, మూతికి మాస్కు. కనిపిస్తున్నవల్లా రెండు పెద్ద కళ్ళు. అవి నా చీరకేసి బెదిరిపోయి చూస్తున్నాయి.

నేను ఉన్నచోటే బిగుసుకుపోయాను. అసలే బస్సెక్కిన దగ్గర్నుంచి నాకు దడ. ఇప్పుడు నా వల్ల ఎవరి గుండో ఆగిపోతే ఇంకేముంది! పోలీసులు, జైలు, పేపర్లో ఫోటో.

“ఏమైంది బాబూ? నీకేమన్నా జబ్బా?”

“మీ ఒళ్ళంతా దూదండీ!”

నిజమే. చిలకలూరిపేటలో మాది పరుపుల కొట్టు. ఆ పూట మార్టూరు నుంచి పెళ్ళిచూపులకి వస్తున్నారు. అబ్బాయి ఖలీల్‌కి సొంత గ్రానైట్ పాలిష్ యూనిట్ ఉంది. వాళ్ళు కూర్చోడానికి కొత్త పరుపు వేద్దామని పొద్దుటి నుంచీ దూది కుక్కుతున్నాను. చూపించాల్సిన పిల్లేమో, “కణాలకి రోజూ తిండి మార్చాలమ్మా, వాటికి ఆదివారం తెలీదు. పదింటికల్లా వచ్చేస్తా” అని గుంటూరులో తన ల్యాబుకి పోయింది. పదకొండయినా రాలేదు. ఫోనెత్తదు. మిర్చి లారీ గుద్దిందో, ల్యాబులో మందు సీసా పేలిందో! ఉన్నపళంగా వచ్చేశాను.

అతను టేపు చుట్ట నా చేతిలో పెట్టాడు. “దీంతో అద్దుకోండి, దూది ఊడొస్తుంది. లోపల ఒకమ్మాయి నా చేతి చర్మం ముక్క తీసుకుని దాంతో గుండె కణాలు పెంచుతోందండీ. నెలల తరబడి మొండికేశాయి, అచ్చం నాలాగే. నిన్ననే కొట్టుకోవడం మొదలెట్టాయి. ఒక్క పోగు పడి బూజు పట్టిందా, ఆ అమ్మాయి నన్ను బతకనివ్వదు. ఇప్పటికే సగం చచ్చాననుకోండి.”

“అదేంటి?”

“రేపు చెబుదాం, రేపు చెబుదామని రెండేళ్ళు గడిపానండీ. ఇవాళ ఎవడో గ్రానైట్‌వాడు ఆ అమ్మాయిని చూసుకోడానికి వస్తున్నాడంట!”

టేపు నా మోచేతి దగ్గరే ఆగిపోయింది.

“ఆ అమ్మాయి పేరు?”

“నగ్మా అండీ. ఇంతకీ మీరెవరు?”

“ఆ గ్రానైట్‌వాణ్ణి పిలిచినదాన్ని.”

మాస్కు పైన ఆ రెండు కళ్ళూ గుండ్రంగా అయిపోయాయి.

అప్పుడే తలుపు తోసుకుని మా పిల్ల బయటికొచ్చింది. నన్ను చూసింది, అతన్ని చూసింది, సంగతి అర్థమైపోయింది.

“రెండేళ్ళు, ముబీన్! నీ చర్మం కూడా మారింది గానీ నీ నోరు కదల్లేదు. కదిలి కదిలి మా అమ్మ దగ్గరే కదలాలా?”

“ఏమే, నీకు ముందే తెలుసా?” అన్నాను.

“వీడికి తప్ప అందరికీ తెలుసమ్మా.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “అక్కడ బిర్యానీ చల్లారిపోతోంది. ఇక్కడ చర్మం గుండె అవుతుందా? ఎవరికి చెప్తావే!”

నగ్మా నిట్టూర్చి నన్ను బల్ల మీద కూర్చోబెట్టింది. “కణంలో ఎప్పుడూ ఆర్డర్లు తిరుగుతుంటాయమ్మా, ‘నువ్వు చర్మానివి, చర్మంలాగే ఉండు’ అని. మైక్రో ఆర్‌ఎన్‌ఏలని చిన్న చిన్న పోగులుంటాయి. వాటంతట అవి ఏదీ తయారు చెయ్యవు, కొన్ని ఆర్డర్ల నోరు నొక్కేస్తాయి. సరైన పోగుల్ని లోపలికి పంపితే కణం తాను చర్మమన్న సంగతి మర్చిపోయి మూలకణం అయిపోతుంది. అక్కణ్ణుంచి గుండె కణం అవ్వొచ్చు, నరం అవ్వొచ్చు.”

“అంటే గట్టిపడిన పాత పరుపు విప్పి దూది ఏకినట్టు. మళ్ళీ పరుపైనా కుట్టుకోవచ్చు, దిండైనా కుట్టుకోవచ్చు.”

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు.

“అమ్మా, మా సార్‌కి నేను ఇంత బాగా చెప్పలేకపోయా.”

“నోరు నొక్కే పని ఇంట్లో మీదేనట కదండీ,” అన్నాడు ముబీన్ మెల్లగా. “ఇంటికి మీరే మైక్రో ఆర్‌ఎన్‌ఏ.”

“నీకు వేళాకోళంగా ఉందా? అంత సైన్సుంటే నీ చర్మమే ఎందుకిచ్చావు?”

అతని నవ్వు ఆగిపోయింది. మాస్కు తీసేశాడు.

“మా నాన్న చిన్న వయసులోనే గుండె ఆగి పోయారండీ. అది మా వంశంలో ఉంది. ఇప్పటికి నాకేం లేదన్నారు, ఏటా చూపించుకోమన్నారు. రేపేంటో ఎవరూ చెప్పలేరు. ఆ జబ్బు ఎక్కణ్ణుంచి మొదలవుతుందో చూడ్డానికే ఇచ్చాను.”

నేను భయపడే జబ్బులన్నిట్లో అది ముందుంటుంది. మా పిల్ల ఒంటరిగా ఆసుపత్రి వరండాలో కూర్చున్నట్టు అప్పుడే కళ్ళ ముందు కనపడిపోయింది.

“తెలిసే కావాలంటున్నానమ్మా,” అంది నగ్మా. కళ్ళు దించలేదు.

ఫోను మోగింది. మా ఆయన ఇమాం హుస్సేన్. “ఎక్కడున్నావ్? మార్టూరోళ్ళు వచ్చేశారు. అబ్బాయి బంగారమంట, ఒక్క లోపం లేదంట!”

ఒక్క లోపం లేదు. నేను చూసిన సంబంధాలన్నీ అంతే, ఎవరికీ ఏ లోపమూ ఉండదు. జబ్బు సంగతి అడక్కముందే చెప్పినవాణ్ణి ఇతన్నే చూస్తున్నాను. అదీ పెళ్ళి మాట ఎత్తకుండానే!

“వాళ్ళకి భోజనం పెట్టి, మనకి కుదరదని చెప్పండి,” అన్నాను.

“ఏంటీ? నీకు మతి పోయిందా?”

“పోయింది. మాంసం ముక్కలు దాచకుండా వడ్డించండి.” ఫోను పెట్టేశాను.

నగ్మా నా మెడ చుట్టూ చేతులేయబోయి, దూది చూసి ఆగిపోయింది. ముబీన్ గోడకి చేరగిలబడ్డాడు.

“సంబరపడకండి. ముందు ఆ గుండేదో నన్ను చూడనివ్వండి.”

నాకూ కోటు తొడిగి, టోపీ పెట్టి, మైక్రోస్కోపుకి తగిలించిన టీవీ ముందు నిలబెట్టారు. బూడిదరంగులో చిన్న మచ్చ. ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది. మళ్ళీ ముడుచుకుంటోంది. గిన్నెలో, ఒంటరిగా, ఎవరూ చెప్పకుండానే.

నా కళ్ళు చెమర్చాయి. వెంటనే భయం పట్టుకుంది.

“ఇదేంటే, ఇంత గబగబా కొట్టుకుంటోంది?”

“నువ్వు పక్కన నిలబడ్డావు కదమ్మా,” అంది నగ్మా.