కూలిన గోడ, చెక్కుచెదరని కిటికీ

తాళాలు బాగుచేసే ఆయన మీద సొంత ఇంటి గోడే పడింది. మీదున్న ఇటుకలు తీశాక చూస్తే తల ఉండాల్సిన చోట తల లేదు, ముద్ద ఉంది. చేతులు మాత్రం బాగానే ఉన్నాయి. ఆకురాయి పట్టి కాయలు కాచిన ఆ వేళ్ళు చూసి భార్య మనిషిని గుర్తుపట్టింది.

దహనం అయిన మర్నాడే ఆమె ప్రైవేటు డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కింది. నుదుటికి గుడ్డ కట్టుకుని ఉంది. గుడ్డ కిందనుంచి రక్తం కనుబొమ్మ మీదికి జారుతోంది.

"పొద్దున తలుపు తీశాను సార్. రాయొచ్చింది. విసిరినవాడు కనపడలేదు."

డిటెక్టివ్ కుర్చీ చూపించాడు. ఆయనకి ఓదార్పు మాటలు రావు. అసిస్టెంటు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఈ ఆఫీసులో సగం జీతం తిట్ల రూపంలో వస్తుందని అతను అందరికీ చెప్పేవాడు. అయినా ఇంకెక్కడికీ పోడు.

"పోలీసులేమన్నారు?"

"పాత గోడ, కూలింది అన్నారు. ప్లానింగ్ ఆఫీసు ఇంజనీరు వచ్చి, వీధిలో ఇళ్ళన్నీ ఇలాగే ఉన్నాయి, శుక్రవారానికల్లా ఖాళీ చేయండన్నాడు. మా వీధి పడగొట్టి పెద్ద భవనాలు కట్టాలని ఎన్నాళ్ళనుంచో వెంటపడుతున్నారు. మా ఆయన ఒప్పుకోలేదు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ ఒప్పుకోలేదు. ఇప్పుడు ఎవరూ ఒప్పుకోనక్కర్లేదట. ప్రమాదకరమైన ఇళ్ళట."

"మీకేం కావాలి?"

"గోడ దానంతటది కూల్లేదని తేల్చండి. లేకపోతే మనిషీ పోయాడు, ఇల్లూ పోతుంది, ఆయన మాటా పోతుంది."

"ఎవరి మీదన్నా అనుమానం ఉందా?"

ఆమె గ్లాసు కింద పెట్టింది. "అది మీరే చెప్పాలి సార్," అంది.

*

వీధికి ఒక పక్క, ముందే ఒప్పుకున్నవాళ్ళ ఇళ్ళు అప్పటికే లేవు. ఒకప్పటి వంటగదుల్లో పొగచూరిన గోడ ముక్కలు పిప్పిపళ్ళలా నిలబడి ఉన్నాయి. వీధి మొగలో ఇద్దరు మనుషులు అడ్డం వచ్చారు. ఒకడి చేతిలో ఇనుప రాడ్డు ఉంది.

"ఇటు దారి లేదు. కొలతలు తీస్తున్నారు."

"మీరు మా కొలతలు తీసేలా ఉన్నారే," అన్నాడు అసిస్టెంటు.

రాడ్డు లేచింది. దిగేలోపు డిటెక్టివ్ ఆ మణికట్టు పట్టుకుని పక్కనున్న గేటు ఊచల మధ్యకి తోసి తిప్పాడు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. రెండోవాడు అసిస్టెంటు ముక్కు పగలగొట్టి, తనవాణ్ణి అక్కడే వదిలేసి పరుగెత్తాడు.

"ఎవరు పంపార్రా?"

కిందపడ్డవాడు ఏడుస్తూ కాంట్రాక్టరు పేరు చెప్పాడు. వీధి పడగొట్టే పని అతనిదే.

ఇంటి దగ్గర ఆమె తమ్ముడు ఎదురొచ్చాడు. ముప్పై దాటిన మనిషి, పెళ్ళి కాలేదు, అక్కా బావల దగ్గరే ఉంటాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"మా బావ నాకు తండ్రితో సమానం సార్. చప్పుడు విని నేనే ముందు పరుగెత్తాను. ఈ చేతుల్తోనే ఇటుకలు తీశాను."

"నువ్వేం చేస్తుంటావు?"

"కాంట్రాక్టరు సామాను షెడ్డుకి కాపలా ఉంటాను. నాకు గునపం పట్టుకోవడం కూడా రాదు. కుర్చీలో కూర్చునే ఉద్యోగం."

"బావ వద్దన్న మనిషి దగ్గరేనా?"

"కడుపు కోసం తప్పదు కదా సార్."

ఆయన చచ్చిపోయిన గది వెనక వైపుంది. మూడు గోడలు నిలబడి ఉన్నాయి, నాలుగోది నేలంతా పరుచుకుని ఉంది. మూలనున్న ఇటుకలు తీయమన్నాడు డిటెక్టివ్. ముక్కు పట్టుకునే తీశాడు అసిస్టెంటు. కింద గచ్చు మీద నల్లగా అట్టకట్టిన రక్తం కనపడింది. దాని మీద సున్నప్పొడి. డిటెక్టివ్ వంగి ఊదాడు. పొడి లేచిపోయింది, అట్ట మిగిలింది.

"ఏం అర్థమైంది?"

"రక్తం, సార్."

"అది నీ ముక్కునుంచి కూడా వస్తోంది. సరిగ్గా చూడు."

పెరట్లో ప్రహరీకి ఆనించి ఒక కిటికీ ఉంది. చట్రంతో సహా. చట్రం తడి నేలకి తగలకుండా అడుగున రెండు ఇటుకలు పెట్టారు. రెక్కలు కొట్టుకోకుండా మూసి, తీగ చుట్టారు. ఒక్క అద్దం పగల్లేదు.

"ఇది ఎక్కడిది?"

"ఆ గోడదే," అంది ఆమె. "ఆ రోజు పొద్దున కుట్టుపనికి పోతూ నేనే తెరిచి వెళ్ళాను."

"మరి ఎవరు తీశారు?"

ఆమె కిటికీ వైపు చూడలేదు. "తెలీదు," అంది.

*

కాంట్రాక్టరు షెడ్డులో తలుపులు, కిటికీలు చితుకుల్లా గుట్టపడి ఉన్నాయి. ఆయన కాళ్ళు బల్ల మీద పెట్టుకుని మాట్లాడాడు.

"రాయి వేయించిందీ, మనుషుల్ని పంపిందీ నేనే. అయితే ఏంటి? పనికి అడ్డమొస్తే ఊరుకుంటామా? గోడకీ నాకూ సంబంధం లేదు."

"పడగొట్టే ముందు కిటికీలు తీసి జాగ్రత్త చేస్తారా మీవాళ్ళు?"

ఆయన నవ్వాడు. "ఆ ఓపిక ఎవరికుంది? యంత్రం ఒక్క తోపు తోస్తుంది, మిగిలింది లారీలోకి విసిరేస్తారు. కిటికీ చుట్టూ చెక్కి తీసే పనివాళ్ళు ఎప్పుడో పోయారు. నాకు గునపానికి ఎటు మొన ఉంటుందో కూడా గుర్తులేదు."

ప్లానింగ్ ఆఫీసులో ఇంజనీరు ఫైలు పక్కకి నెట్టాడు. "నేను గోడ కూలాక చూశాను. పైనుంచి ఆర్డరు రాయమన్నారు, రాశాను."

"లోపలికెళ్ళి చూశావా?"

"వాకిట్లోనుంచి చూశాను."

"వాకిట్లోనుంచి వీధి మొత్తం చంపేశావు," అన్నాడు డిటెక్టివ్.

*

గురువారం మధ్యాహ్నం అందరినీ ఆ పెరట్లోకే రప్పించాడు. ఇన్‌స్పెక్టరు ఇద్దరు కానిస్టేబుళ్ళతో వచ్చాడు. వీధి జనం ప్రహరీ మీదనుంచి చూస్తున్నారు. మొండిగోడకి గది తలుపు ఒకే బందు మీద వేలాడుతోంది.

"ముందు ఆ తలుపు పక్కన పెట్టండి. ఎవరి నెత్తినన్నా పడుతుంది," అన్నాడు డిటెక్టివ్.

కాంట్రాక్టరు కూలీ కోసం అరిచాడు. ఇంజనీరు వెనక్కి జరిగాడు. అసిస్టెంటు వెళ్ళి లాగబోయాడు.

"అలా కాదు, చీలిపోతుంది," అంటూ తమ్ముడు ముందుకొచ్చాడు. భుజం ఆనించి బరువు పట్టాడు, బందు మేకు పైకి లాగాడు, తలుపు దించాడు. పాదంతో రెండు ఇటుకలు జరిపి వాటి మీద నిలబెట్టాడు. కిందపడున్న తీగ అందుకుని గడియకి చుట్టాడు. అంతా ఒక్క ఊపులో అయిపోయింది.

పెరట్లో ఇప్పుడు ఇటుకల మీద రెండు నిలబడి ఉన్నాయి. కిటికీ, తలుపు. జనం రెండింటినీ చూశారు. తమ్ముడు అందరికన్నా ఆలస్యంగా చూశాడు.

"గోడ పడి చచ్చినవాడి రక్తంలో సున్నం కలిసి ముద్దవుతుంది," అన్నాడు డిటెక్టివ్ నెమ్మదిగా. "ఇక్కడ రక్తం ఎండి అట్టకట్టాక దాని మీద పొడి పడింది. అంటే మనిషి ముందు చచ్చాడు, గోడ చాలాసేపటికి పడింది. సమ్మెటతో కొట్టారు. తల చితికిన సంగతి దాచాలంటే దాని మీద గోడ పడాలి. ఆ మధ్యాహ్నం పక్కవీధిలో యంత్రం ఇళ్ళు కూల్చేస్తోంది, ఈ చప్పుడు ఎవరికీ పట్టలేదు. హంతకుడికి కావలసినంత సమయం ఉంది. ఆ సమయంలో వాడు పారిపోలేదు. గోడ పడగొట్టే ముందు కిటికీ తీశాడు."

"ఎందుకు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"చేతులు ఊరుకోక. మంచి కర్రని గోడతోపాటు చావనివ్వకూడదని చిన్నప్పుడు నేర్చిన చేతులవి. మనిషిని మాత్రం చావనిచ్చాయి. కాంట్రాక్టరు కూలీలకి ఆ అలవాటు లేదు. ఇంజనీరు చేతికి మట్టి అంటదు."

"తలుపు దించితే హంతకుణ్ణా?" అన్నాడు తమ్ముడు. "ఎవరైనా అలాగే పెడతారు."

డిటెక్టివ్ ఆమె వైపు తిరిగాడు. "మీ నాన్న ఏం పని చేసేవాడమ్మా? ఇది చెప్పాల్సింది మీరే."

తమ్ముడు తల అడ్డంగా ఊపుతున్నాడు. "అక్కా. నేనే మిగిలాను నీకు. అక్కా."

"పాత ఇళ్ళు విప్పేవాడు," అంది ఆమె. "కిటికీలు ఇలాగే పెట్టేవాడు. వీడికి ఆ పని నేర్పాడు. పదేళ్ళు చేశాడు. గునపం రాదని మీతో అబద్ధం చెప్పాడు."

సమ్మెట పిడి రాళ్ళగుట్టలోనుంచి ఎప్పుడు తమ్ముడి చేతిలోకి వచ్చిందో ఎవరూ చూడలేదు. మొదటి దెబ్బ డిటెక్టివ్ తలకి గురిపెట్టాడు. అసిస్టెంటు మధ్యలో దూరాడు. భుజం ఎముక పగిలిన చప్పుడు ప్రహరీ అవతలికి వినపడింది. రెండో దెబ్బకి చెయ్యి లేపేలోపు డిటెక్టివ్ ఇటుకల పక్కన పడున్న గునపం అందుకుని అడ్డంగా తిప్పి మోకాలి మీద కొట్టాడు. తమ్ముడు కూలబడ్డాడు. కానిస్టేబుళ్ళు మీదపడ్డారు.

"కొత్త భవనంలో నాకొక ఇల్లు ఇస్తానన్నాడు!" కింద నొక్కి పట్టిన తల కాంట్రాక్టరు వైపు తిరిగింది. "అడ్డు తీసెయ్, గోడ పడిందంటే ఎవడూ అడగడన్నాడు. బావ నన్ను చూసి నవ్వాడు. అక్క చీర కొంగు పట్టుకుని ఎన్నాళ్ళు బతుకుతావురా అన్నాడు. అప్పుడు కొట్టాను."

కాంట్రాక్టరు గేటు వైపు కదిలాడు. గేటు దగ్గర వీధి జనం నిలబడి ఉన్నారు. ఎవరూ పక్కకి జరగలేదు. ఇన్‌స్పెక్టరు వెళ్ళి బేడీలు వేసే సమయానికి ఆయన చొక్కా లేదు, రెండు పళ్ళు లేవు.

ఇంజనీరు అడక్కుండానే నోరు విప్పాడు. గోడ బాగానే ఉండేదని, ఆర్డరు రద్దు చేయమని తానే రాస్తానని చెప్పాడు.

"ఈసారి లోపలికెళ్ళి చూసి రాయి," అన్నాడు డిటెక్టివ్. నేల మీద కూర్చుని పళ్ళు బిగబట్టిన అసిస్టెంటు దగ్గరికి వెళ్ళాడు. "నిన్నెవరు దూరమన్నారు?"

"మీరు తిట్టడానికి తల ఉండాలి కదా సార్."

డిటెక్టివ్ సొంత జేబురుమాలు తీసి అతని చేతిని మెడకి కట్టాడు. తర్వాత ఆమె వైపు చూశాడు.

"కిటికీ చూసిన రోజే మీకు తెలుసు."

"తెలుసు. ఇంకెవరి పేరైనా చెబుతారేమోనని చూశాను. చెప్పి ఉంటే నమ్మేదాన్ని."

కానిస్టేబుళ్ళు తమ్ముణ్ణి లేపి నిలబెట్టారు. కాలు నేల మీద ఆనలేదు. గుమ్మం దగ్గర అక్క చెయ్యి పట్టుకోబోయాడు.

"మోకాలు పోయిందక్కా. అడుగు పడటం లేదు. కాస్త పట్టుకోమని చెప్పక్కా."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మీ బావని నలుగురు మోసుకుపోయారు," అంది. "నువ్వు నడిచి పో."