జేబులో రాణి

ఒక్క తేనెటీగ కుట్టినా ఏజెంట్ మున్యోకీ ప్రాణం పోతుంది. డిపార్ట్‌మెంట్‌లో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. అందుకే చీఫ్ కితోంగా ఈ మిషన్‌కి అతన్నే ఎంచుకున్నాడు.

"రాణి ఈగ నీ దగ్గర ఉంటుందని శత్రువు కలలో కూడా అనుకోడు."

"నేనూ అనుకోలేదు బాస్. ఇంకెవరూ దొరకలేదా?"

కితూయి పరిశోధన కేంద్రంలో డాక్టర్ స్యోంబువా ఏళ్ల తరబడి కష్టపడి సాధువైన తేనెటీగల జాతిని తయారుచేసింది. ఇంటి చూరుకి తేనెపట్టు పడితే ఇక మందు కొట్టి చంపక్కర్లేదు. పాత రాణిని తీసి ఈ జాతి రాణిని పెడితే కొన్నాళ్లకి పట్టులో ఈగలన్నీ మెత్తబడతాయి. పురుగుమందులమ్మే విదేశీ ముఠాకి అది గొంతులో ముల్లు. పోయిన వారం కేంద్రానికి నిప్పంటించారు. ఆ జాతిలో తల్లిరాణి ఒక్కటే మిగిలింది. దాన్ని నైరోబీ చేర్చాలి.

డాక్టరమ్మ అగ్గిపెట్టెంత జాలీ డబ్బాని మున్యోకీ చొక్కా జేబులో పెట్టింది. లోపల రాణి, చుట్టూ దానికి సేవలు చేసే దాసీ ఈగలు.

"ఒంటి వేడి తగలాలి నాయనా. మేం రాణుల్ని ఇట్లాగే మోస్తాం."

"దాసీలు కుడతాయా?"

"నొక్కితే కుడతాయి. నొక్కకు."

అతని చేతిలోని అరటిపండు లాక్కుంది. "ఈగ కుట్టినప్పుడు వచ్చేది ఈ వాసనే. మిగతావి యుద్ధమొచ్చిందనుకుంటాయి."

మున్యోకీ పరుగున వెళ్లి చేతులు కడుక్కున్నాడు.

అతన్ని నైరోబీ తీసుకెళ్లడానికి కోడ్‌వర్డ్ చెప్పి, అందమంతా ఒలకబోస్తూ ఏజెంట్ అడెలా వచ్చింది. కారు తోట అవతల ఉంది. దారికి రెండువైపులా చెట్లకి తేనెటీగల దుంగపెట్టెలు వేలాడుతున్నాయి. సాధు జాతితో పోల్చి చూడటానికి ఉంచిన అడవి ఈగలవి. సగం దారిలో ఆమె పిస్టల్ తీసింది. రెండో చేతిలో లిప్‌స్టిక్.

"డబ్బా తియ్ డార్లింగ్. ఇందులోంచి ఒక్క స్ప్రే, రాణి ఖతం."

"నువ్వు మా మనిషివి కదే!"

"జీతం మీ దగ్గర. బోనస్ వాళ్ల దగ్గర."

మూత క్లిక్‌మంది. లిప్‌స్టిక్ పట్టిన చెయ్యి అతని జేబు మీదికి వచ్చింది. ఎర్రటి గోళ్లు, పొద్దున్నే వేసిన రంగు. ఆ రంగులోంచి గుప్పున అరటిపండు వాసన.

ఒక ఈగ వచ్చి గోటి మీద వాలింది. అడెలా ఛీ అని చాచి కొట్టింది.

దుంగలన్నీ ఒక్కసారి హోరెత్తాయి. పిస్టల్ ఎక్కడో పడింది, లిప్‌స్టిక్ ఇంకెక్కడో. ఆమె కేకలు పెడుతూ నీళ్లతొట్టి వైపు పరుగెత్తింది. సగం దండు ఆమె వెంటపడింది. మిగతా సగం మున్యోకీ మీద వాలింది. పెదాల మీద, కనురెప్పల మీద పాకుతున్నాయి. పారిపోదామనుకున్నాడు, కాళ్లు రాలేదు. అరుద్దామనుకున్నాడు, గొంతు రాలేదు. భయంతో కొయ్యబారిపోయాడు. జేబులో దాసీలు రెక్కలాడిస్తుంటే గుండె ఆగిపోతుందేమో అనిపించింది.

డాక్టరమ్మ పొగడబ్బా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. పొగకి ఈగలు ఒక్కొక్కటే లేచిపోయాయి. ఒంటి మీద ఒక్క కాటు లేదు.

"కదిలుంటే పోయేవాడివి, నాయనా!"

తొట్టిలోంచి అడెలాని బయటికి లాగారు. మొహం బూరెలా ఉబ్బింది. జేబులో రాణి క్షేమం.

చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! రాయిలా నిలబడ్డావట. అంత ధైర్యం ఎక్కడిదయ్యా?"

"ధైర్యం సంగతి తర్వాత బాస్. ముందు ఒక ప్యాంటు పంపించండి."